‘నడువ్’కీ ‘పోదాం పా’కీ మధ్య

“పొద్దుగాల లేచి గంటసేపు నడువ్ అన్నా. అన్నీ సెట్ అయితయ్.”

ఈ మాట మా అన్నతో ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. అన్న అంటే మా పెద్దమ్మ కొడుకు. నాకంటే ఆరేళ్లు పెద్ద, మిర్యాలగూడలో ఉంటాడు. ఇరవై మూడో ఏట జబ్బు పడ్డాడు. ఎవరో తనని చూస్తున్నారనీ, తన గురించి మాట్లాడుకుంటున్నారనీ అనేవాడు. ఇంట్లోవాళ్లు ముందు జాన్‌పహాడ్ దర్గాకి తీసుకెళ్లారు, ఆ తర్వాత హైదరాబాద్‌లో సైకియాట్రిస్ట్‌కి చూపించారు. స్కిజోఫ్రెనియా అన్నారు. మందులు మొదలుపెట్టాక గొంతులు వినిపించడం తగ్గింది. దాంతోపాటు మనిషి మంచం దిగడమూ తగ్గింది. పదిహేడేళ్లలో ముప్ఫై కిలోలు పెరిగాడు. షుగర్ వచ్చింది.

ఇదంతా రాయనా అని అన్ననే అడిగాను. “పేరు రాయకు. మిగిలింది నీ ఇష్టం” అన్నాడు.

మూడేళ్ల కింద దసరాకి ఊరికి వెళ్తూ ఒక ఫిట్‌నెస్ బ్యాండ్ కొనుక్కెళ్లాను. అన్న చేతికి కట్టి, రోజుకి పదివేల అడుగులు అని టార్గెట్ పెట్టి, ఆ లెక్క నా ఫోన్లో కనిపించేలా సెట్ చేసుకున్నాను. హైదరాబాద్‌కి తిరిగొచ్చాక రోజూ సాయంత్రం ఆఫీసులో కూర్చుని చూసేవాణ్ణి. 312. 280. 410. వెంటనే ఫోన్ చేసి, “ఏందన్నా, ఇయాల గూడ మూడొందలేనా?” అనేవాణ్ణి. నా ఉద్యోగంలో సర్వర్ల ఆరోగ్యాన్ని ఇలాగే గ్రాఫుల్లో చూస్తాం. గీత కిందికి పడిపోతే ఎవరో ఒకర్ని నిద్ర లేపుతాం. అన్న విషయంలో నేను వేరే ఏం చేస్తున్నానని అప్పుడు అనిపించలేదు.

పదో రోజు సున్నా వచ్చింది. చార్జింగ్ అయిపోయిందేమో అనుకున్నాను. పెద్దమ్మకి ఫోన్ చేస్తే, అన్న దాన్ని తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాడని చెప్పింది. తర్వాత అన్నే ఫోన్ తీసుకున్నాడు.

“తమ్మీ, నువ్వు నాకు గడియారం పంపలే. కాపలావోణ్ణి పంపినవ్.”

ఎవరో తనని చూస్తున్నారన్నది ఆయన జబ్బులో మొదటి లక్షణం. అది నిజం కాదని ఇంటిల్లిపాదీ పదిహేనేళ్లకు పైగా నచ్చజెప్పుకుంటూ వచ్చాం. ఈసారి నిజంగానే ఒకడు చూస్తున్నాడు. వాణ్ణి నేనే.

అప్పట్నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. మానసికంగా జబ్బుపడ్డ మనిషితో ‘నడువ్, ఎక్సర్‌సైజ్ చెయ్, ఒళ్లు వంచు’ అని మనం చెప్పే మాట మందా, నిందా? ఆ మాట చెప్పే హక్కు మనకి ఎప్పుడు వస్తుంది?

*

ముందు మందు సంగతి. వ్యాయామం పనిచేస్తుందా? డిప్రెషన్ విషయంలో కొంత పనిచేస్తుందనే ఆధారాలు చెప్తున్నాయి. 1999లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో జేమ్స్ బ్లూమెంతాల్ బృందం యాభై దాటిన 156 మంది డిప్రెషన్ పేషెంట్లని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకి సెర్ట్రలీన్ మాత్రలు, ఇంకో గుంపుకి వారానికి మూడుసార్లు వ్యాయామం, మూడో గుంపుకి రెండూ. పదహారు వారాల తర్వాత చూస్తే మూడు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ 218 ప్రయోగాలనీ, పద్నాలుగు వేల పైచిలుకు మందినీ కలిపి లెక్కగట్టి, నడక, జాగింగ్, యోగా, బరువులెత్తడం లాంటివి డిప్రెషన్‌ని ఓ మోస్తరుగా తగ్గిస్తున్నాయని చెప్పింది. స్కిజోఫ్రెనియా మీద 2015లో జోసెఫ్ ఫర్త్ బృందం చేసిన విశ్లేషణలో కూడా, వారానికి ఓ తొంభై నిమిషాలు కాస్త గట్టిగా ఒళ్లు కదిలిస్తే లక్షణాలు తగ్గుతున్నట్టు కనిపించింది.

ఇంకో వైపూ చూడాలి. 2013 నాటి కాక్రేన్ సమీక్షలో 39 ప్రయోగాలున్నాయి. అన్నీ కలిపి చూస్తే డిప్రెషన్ మీద వ్యాయామం ప్రభావం బాగానే ఉంది. గట్టి పద్ధతిలో చేసిన కొన్నిటినే ఏరి చూస్తే ఆ ప్రభావం బాగా చిన్నదైపోయింది. దీనికి కారణం ఊహించడం కష్టమేమీ కాదు. మాత్ర విషయంలో మనిషికి తెలియకుండా ఉత్తుత్తి మాత్ర ఇవ్వొచ్చు. ఉత్తుత్తి నడక ఎలా ఇస్తాం?

నా దృష్టిలో వీటన్నిటికంటే ముఖ్యమైంది డ్యూక్ ప్రయోగంలో ఉంది. అక్కడ వ్యాయామం చేసినవాళ్లు ఇంట్లో ఒంటరిగా చేయలేదు. ఫలానా రోజు, ఫలానా టైముకి, ఫలానా చోటికి వెళ్లారు. అక్కడ వాళ్ల కోసం ఒక మనిషి ఎదురుచూస్తూ ఉన్నాడు. పక్కన వాళ్లలాంటివాళ్లే ఇంకొందరున్నారు. పైగా వాళ్లంతా మేం చేస్తాం అని ముందుకొచ్చినవాళ్లు. ఆ ప్రయోగం నుంచి ‘వ్యాయామం మాత్రతో సమానం’ అన్న వాక్యం మాత్రం ఊడొచ్చి వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఎదురుచూసిన ఆ మనిషి అక్కడే ఉండిపోయాడు.

నేను అన్నకి పెట్టిన పదివేల అడుగుల టార్గెట్ కథ కూడా ఇలాంటిదే. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. దాని పేరు ‘మాన్పో-కెయ్’, అంటే పదివేల అడుగుల మీటర్. ఆ అంకె డాక్టర్ల పరిశోధనలోంచి రాలేదు, అమ్మకం కోసం పెట్టిన పేరులోంచి వచ్చింది. మిర్యాలగూడలో మంచం నుంచి గేటు దాకా రాలేని మనిషి జపాన్ వాళ్ల అడ్వర్టైజ్‌మెంట్ ముందు రోజూ ఫెయిల్ అవుతూ వచ్చాడు.

*

ఇప్పుడు నింద సంగతి.

చేయగలిగిన పనినే ‘చేయాలి’ అనగలం అని తత్వశాస్త్రంలో ఒక సూత్రం ఉంది. కాంట్ పేరు మీద చెలామణీ అవుతుంది గానీ, ఆ మాట చెప్పడానికి కాంట్ అక్కర్లేదు. కాళ్లు విరిగినవాణ్ణి పరిగెత్తమని ఎవరూ అనరు. చిక్కల్లా ఇక్కడ కాళ్లు బాగానే ఉండటం. అన్న కాళ్లు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. లేనిది కాళ్లకి ముందుండేది. లేవాలనిపించడం, లేస్తే ఏదో ఒకటి జరుగుతుందన్న నమ్మకం, మొదటి అడుగుకీ రెండో అడుగుకీ మధ్య నిలబడే తలంపు. జబ్బు ఎత్తుకుపోయింది సరిగ్గా వాటినే. వైద్యానికి కావాల్సిందీ అవే. బీరువా తాళంచెవి బీరువాలోనే ఉండిపోయింది. మనం బయట నిలబడి, ‘తాళం తీసుకో, చాలా తేలిక’ అంటున్నాం.

ఇది మామూలు బద్ధకం కంటే వేరని ఎలా తెలుస్తుంది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బయటి నుంచి చూస్తే తెలియదు. చాలాసార్లు లోపలున్న మనిషికీ తెలియదు. అన్నే ఒకసారి అన్నాడు, “నాకు రోగమా, సోమరితనమా అని నాకే తెల్వదు తమ్మీ. నీకెట్ల తెలుస్తది?” అని. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా పేరున్న గోపీచంద్ నవల పేరు ‘అసమర్థుని జీవయాత్ర’. పేరులోనే తీర్పు ఉంది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో దాన్ని చదివి, సీతారామారావు మీద జాలి కంటే విసుగే ఎక్కువ పడ్డాను. ఈ మనిషి లేచి ఏదో ఒక పని చూసుకోవచ్చు కదా అని. ఇప్పుడనిపిస్తుంది, అదే విసుగుని ఆ తర్వాత పదేళ్లు అన్న మీద చూపించానని.

మా నల్గొండ జిల్లాకి ఒంటికి సంబంధించిన ఇంకో జ్ఞాపకం ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాలకు తరాలు నడుములు వంగిపోయాయి. ఎముకలు గట్టిపడి, మోకాళ్లు లోపలికి తిరిగి, నడివయసులోనే కర్ర పట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లని చూసి ఎవరూ ‘కొంచెం గట్టిగా అనుకో, నిటారుగా నిలబడతావ్’ అనలేదు. నీళ్ల వంక చూశారు. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరే వచ్చింది. కృష్ణా నీళ్ల కోసం ఏళ్ల తరబడి పోరాటాలు జరిగాయి. వంగిన నడుముకి కారణం మనిషి బయట ఉందని తెలిసినప్పుడు మనకి నింద గుర్తు రాదు. వంగింది మనసైతే మాత్రం, కారణమూ వైద్యమూ రెండూ ఆ మనిషిలోనే ఉన్నాయని నమ్ముతాం.

ఇలాంటి చోట పెద్దవాళ్లు గీత గుర్తుచేస్తారు. అన్నకీ చాలామంది చేశారు. అయితే గీత మొదట్లో ఏం జరిగిందో ఒకసారి చూడండి. అర్జునుడు చెప్పుకున్నవన్నీ ఒంటి లక్షణాలే. అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరెండుతోంది, ఒళ్లు వణుకుతోంది, చర్మం మండుతోంది, గాండీవం జారిపోతోంది, నిలబడలేకపోతున్నాను అంటాడు. కృష్ణుడు మొదట చేసింది మనందరం చేసేదే. ఈ పిరికితనం నీకు తగదు, లే అని గద్దించాడు. అది పనిచేయలేదు. అర్జునుడు యుద్ధం చేయనని చెప్పి ఊరుకుండిపోయాడు. సాక్షాత్తూ భగవంతుడు అన్నా కూడా ‘లే’ అన్న మాట ఒక్కసారికి పనిచేయలేదు. ఆ తర్వాత పద్దెనిమిదో అధ్యాయం దాకా మాట్లాడుతూ కూర్చోవాల్సి వచ్చింది. యుద్ధం మంచిదా కాదా అన్న చర్చ వేరు. పడిపోయిన మనిషి దగ్గర ఎలా ఉండాలన్నదే నా గొడవ. ఆ చెప్పినాయన గట్టు మీద నిలబడి చెప్పలేదు. అదే రథంలో, పగ్గాలు చేత్తో పట్టుకుని ఉన్నాడు.

*

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం తేలిగ్గా ముగిసిపోతుంది. ‘జబ్బు మనిషిని వదిలేయండి, నడవమని వేధించకండి’ అని. నేనూ అక్కడే ఆగాను. బ్యాండ్ సంగతి తర్వాత సిగ్గేసి, దాదాపు ఏడాది పాటు అన్నతో ఒంటి గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఏం తిన్నావనో, సినిమా ఏం చూశావనో అడిగి పెట్టేసేవాణ్ణి. దాన్ని గౌరవం అనుకున్నాను.

రెండేళ్ల కింద ఎండాకాలంలో ఒక రాత్రి అన్నకి ఛాతీలో నొప్పి వచ్చింది. పెద్దమ్మ ఆటోలో ఊళ్లోనే ఉన్న ఒక ప్రైవేట్ ఆసుపత్రికి తీసుకెళ్లింది. డ్యూటీ డాక్టర్ ఏం మందులు వాడుతున్నారని అడిగితే కొంగులోంచి మాత్రల షీటు తీసి చూపించింది. అందులో ఒలాంజపిన్ ఉంది. ఆ తర్వాత అన్నని ఎవరూ ఏమీ అడగలేదు. “మెంటల్ టెన్షన్ అమ్మా, ఏం కాదు” అని గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపించారు. ఈసీజీ తీయలేదు. మూడు రోజుల తర్వాత ఇంకోచోట తీస్తే గుండె రక్తనాళంలో అడ్డు ఉందని తేలింది. హైదరాబాద్ తీసుకొచ్చి స్టెంట్ వేయించాం.

ఒంట్లో నొప్పిని మనసు జబ్బు ఖాతాలో రాసేయడానికి వైద్యంలో ఒక పేరుంది, డయాగ్నాస్టిక్ ఓవర్‌షాడోయింగ్. ఒక జబ్బు నీడలో ఇంకో జబ్బు కనపడకుండా పోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లు మిగతావాళ్ల కంటే పది నుంచి ఇరవై ఏళ్లు ముందే చనిపోతున్నారు. ఆ చావుల్లో ఎక్కువ భాగం గుండె జబ్బు, షుగర్, ఊపిరితిత్తుల జబ్బు లాంటి ఒంటి జబ్బుల వల్లే. ఆత్మహత్యలు మాత్రమే కారణమని మనం అనుకుంటాం, అది సగం కూడా కాదు.

మందుల పాత్రా ఉంది. ఒలాంజపిన్ లాంటివి ఆకలిని విపరీతంగా పెంచుతాయి, బరువునీ షుగర్‌నీ పెంచుతాయి. ఈ మందులు మొదలుపెట్టేటప్పుడే బరువు, నడుము కొలత, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూసి, మూడు నెలలకి మళ్లీ చూడాలని అమెరికా డయాబెటిస్, సైకియాట్రీ సంఘాలు 2004లోనే కలిసి చెప్పాయి. ఖరీదైన పరీక్షలేం కావు. టేపు, వేయింగ్ మెషిన్, కాస్త రక్తం. అన్నకి తొలిసారి షుగర్ చూసింది మందు మొదలైన ఏడేళ్లకి. అదీ కాలి పుండు మానకపోతే. ఆ ఏడేళ్లలో ఆయన రాత్రి పదకొండింటికి లేచి అన్నం గిన్నె దగ్గర కూర్చుంటే, ‘తిండిమీద యావ’ అన్నాం. నేనూ అన్నాను. అది మాత్ర పుట్టించిన ఆకలి అని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఈ మందు మానేయాలని నేను చెప్పట్లేదు. ఆ మందే లేకపోతే అన్న ఇవాళ మాతో మాట్లాడే స్థితిలో ఉండేవాడు కాదు. మందు ఇచ్చినవాళ్లూ వేయించినవాళ్లూ దాని బరువులో కూడా వాటా తీసుకోవాలి, అంతే.

2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్, మానసిక జబ్బున్నవాళ్లని ఆరోగ్య సేవల్లో ఒంటి జబ్బున్నవాళ్లతో సమానంగా చూడాలంటుంది. చట్టం అంత స్పష్టంగా ఉన్నా, మన ఊహలో మానసిక రోగికి ఒళ్లు ఉండదు. ఉంటే, కట్టేయడానికి ఉంటుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రమం అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. అంత దూరం ఎందుకు, మన ఇళ్లలో ‘ఎర్రగడ్డకి పంపాలి వీణ్ణి’ అన్న తిట్టులో ఉన్నది కూడా ఆ ఒంటిని ఎక్కడో ఒకచోట పెట్టి తలుపేయడమే.

అందుకని ‘వేధించకండి, వదిలేయండి’ అన్నది దయలా కనిపించే ఇంకో రకం నిర్లక్ష్యం కావచ్చు. నేను మౌనంగా ఉన్న ఏడాదీ అన్న ఛాతీలో అడ్డు పెరుగుతూనే ఉంది.

*

బ్రిటిష్ తత్వవేత్త పీటర్ స్ట్రాసన్ 1962లో చేసిన ఒక ప్రసంగం ఇక్కడ నాకు పనికొచ్చింది. మనుషుల పట్ల మనకి రెండు రకాల చూపులుంటాయంటాడు. ఒకటి, అవతలివాణ్ణి మనతో సమానంగా లెక్కలోకి తీసుకునే చూపు. ఈ చూపులో కోపం వస్తుంది, కృతజ్ఞత కలుగుతుంది, ‘ఎందుకిలా చేశావ్’ అని అడుగుతాం. రెండోది, అవతలివాణ్ణి ఒక సమస్యగా, సంభాళించాల్సిన విషయంగా చూసే చూపు. పిచ్చివాడని తెలియగానే మనం మొదటి చూపు నుంచి రెండో చూపుకి మారిపోతాం. కోపం పోతుంది. కోపంతో పాటు ఆ మనిషీ మన లెక్కలోంచి పోతాడు.

నేను చేసింది ఈ రెంటి మధ్య అటూ ఇటూ ఊగడం. ‘నడువ్’ అన్నప్పుడు పూర్తి బాధ్యత అన్న నెత్తిన పెట్టాను. ఏడాది ఊరుకున్నప్పుడు ఆయన మీద ఏ ఆశా పెట్టుకోలేదు. మొదటిది క్రూరత్వమని తొందరగానే తెలిసింది. రెండోది కూడా అవమానమేనని తెలుసుకోవడానికి ఒక స్టెంట్ పట్టింది.

హానా పికార్డ్ అనే తత్వవేత్త వ్యక్తిత్వ రుగ్మతలున్నవాళ్ల థెరప్యూటిక్ కమ్యూనిటీలో పనిచేసిన అనుభవంతో ‘నింద లేని బాధ్యత’ అనే ఆలోచన ముందుకి తెచ్చింది. ఎవరినైనా బాధ్యత గలవాడిగా చూడటమూ, తప్పు జరిగితే నిందించడమూ ఒకదానికొకటి అతుక్కుని పుట్టినవి కావు, వాటిని విడదీయొచ్చు అంటుంది. నీ చేతిలో ఎంతో కొంత ఉంది అని మనిషిని నమ్మొచ్చు. అది ఇవాళ జరగకపోతే మొహం మాడ్చుకోకుండా ఉండొచ్చు. చదువుతున్నప్పుడు బాగుంది గానీ, ఇంట్లో ఇదెలా ఉంటుందో నాకు ఊహకి అందలేదు. పెద్దమ్మ దగ్గర చూశాకే అర్థమైంది.

అయితే పెద్దమ్మ దగ్గరికి వెళ్లేముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. ఒళ్లు కదిలిస్తే మనసు బాగుపడుతుందంటే, మా ఊళ్లో అందరికంటే సుఖంగా ఉండాల్సింది హమాలీలు. మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్లు సీజన్లో ట్రాక్టర్ల మీద మిల్లుల ముందు బారులు తీరతాయి. ఆ బస్తాలు మోసేవాళ్లు ఏ జిమ్‌లోనూ ఎత్తనంత బరువు రోజూ ఎత్తుతారు. మోకాలి లోతు బురదలో వంగి నాట్లేసే ఆడవాళ్లు చేసే స్క్వాట్లకి లెక్క లేదు. వాళ్లలో కుంగుబాటు లేదా? ఉంది. ఆసుపత్రికి పోతే వాళ్లకీ వ్యాయామం చేయమనే చెప్తారు. తీరిక వేళ చేసే వ్యాయామం గుండెకి చేసే మేలు, కూలి కోసం చేసే చాకిరీ చేయట్లేదని పరిశోధకులు గమనించి, దాన్ని ఒక వైచిత్రిగా చెప్పుకుంటున్నారు. హమాలీకి అది వైచిత్రిగా తోచదేమో. తన ఇష్టంతో, తన వేగంతో, ఆపాలనుకున్నప్పుడు ఆపగలిగే కదలిక వేరు. బస్తా ఆగమంటే ఆగదు.

ఆ లెక్కన నడకలో మేలు చేసేది అడుగులు మాత్రమే కాకపోవచ్చు. అది ఎవరి నడక అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పొద్దున ఎన్‌ఎస్‌పీ క్యాంపు గ్రౌండ్‌కి వెళ్తే ట్రాక్ ప్యాంట్లలో వ్యాపారస్తులు, రిటైరైన సార్లు, కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరిగెత్తే పిల్లలు కనిపిస్తారు. ఆ గుంపులోకి లావుగా, తనలో తాను మాట్లాడుకుంటూ వచ్చే మనిషికి చోటుందా? అన్న మగవాడు కాబట్టి మహా అయితే చూసి నవ్వుతారు. అదే జబ్బున్న ఆడపిల్ల తెల్లారుజామున ఒక్కతే నడవడానికి బయల్దేరితే ఆ ఇంట్లో ఒప్పుకుంటారా? ‘రోజూ వాకింగ్ చేయించండి’ అని ప్రిస్క్రిప్షన్ చివర రాసే వాక్యానికి ఊరూ, వీధీ, వీధి కుక్కలూ అన్నీ సహకరించాలి.

*

వీధి కుక్కల దగ్గరే పెద్దమ్మ కథ మొదలవుతుంది.

స్టెంట్ వేశాక డాక్టర్ రోజూ మెల్లగా నడవమన్నాడు. ఈసారి నేను నోరు మెదపలేదు. పెద్దమ్మకి అరవై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. పొద్దున ఆరింటికి పాల కోసం వీధి చివరిదాకా వెళ్తుంది. ఆ మలుపులో నాలుగు కుక్కలుంటాయి. ఒకరోజు అన్న మంచం దగ్గర నిలబడి, “బిడ్డా, నాకు కుక్కల భయమైతాంది. పాలకి పోదాం పా” అంది. అన్న ఏమీ అనకుండా లేచి, కర్ర పట్టుకుని వెంట వెళ్లాడు.

నేను విని, పెద్దమ్మ ఎంత తెలివిగా చేసిందో అనుకున్నాను. తర్వాత ఆమెనే అడిగాను, “నీకు నిజంగ భయమా, అన్నని లేపనీకి అట్లన్నవా?” అని. నా వైపు వింతగా చూసింది. “భయమేరా. అబద్ధమెందుకు చెప్త? పోయినేడు కరిసింది గదా.”

అందులో టెక్నిక్ ఏమీ లేదు. ఆమెకి తోడు కావాలి, ఇంట్లో కొడుకున్నాడు, అడిగింది. పదిహేడేళ్లలో అన్నని ఎవరైనా ఏదైనా సాయం అడగడం అదే మొదటిసారేమో. మందు వేసుకో, తిను, పడుకో, నడువ్ అని అందరం ఆయనకి చెప్పినవాళ్లమే. ఆయన వల్ల మాకు ఒక పని కావాలని మాకు తట్టలేదు. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. అవతలివాణ్ణి కలుపుకుంటేనే మనం అంటాం. ‘పోదాం’లో ఉన్నది ఆ మనమే. ‘నడువ్’ అన్నప్పుడు నేను హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని ఉండొచ్చు. ‘పోదాం పా’ అనాలంటే నేను కూడా లేవాలి.

ఆ ‘నేను కూడా’ దగ్గరే దీని ఖరీదు ఉంది. అన్న నడక వెనక ఒక ముసలామె మోకాళ్లున్నాయి. నేను నెలకి రెండు శనివారాలు ఊరికి వెళ్తాను, మిగతా ఇరవై ఎనిమిది రోజులూ ఆమెవే. తోడు నడవాలి అని రాయడం నాకు తేలిక, నడిచేది పెద్దమ్మ. మన ఇళ్లలో ఇలాంటి తోడు ఎప్పుడూ ఆడవాళ్ల వంతే. ఆమె తర్వాత ఎవరు అన్న ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు లేదు. డ్యూక్ ప్రయోగంలో ఎదురుచూసిన ఆ మనిషికి జీతం ఉంది. జబ్బుపడినవాళ్లతో కలిసి నడవడం ఒక ఉద్యోగంగా, ఒక సేవగా మా ఊళ్లో కూడా ఉండాలి. అది వచ్చేదాకా ఈ పని ఇంట్లోవాళ్లదే. ఇంట్లోవాళ్లంటే నేనూ లెక్కే.

ఇంకో సంగతి చెప్పాలి. రెండు నెలల తర్వాత ఒక పొద్దున అన్న లేవలేదు. “ఇయాల నాతోని గాదమ్మా” అన్నాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. నిన్న వెళ్లావ్ కదా, పది నిమిషాలే కదా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దమ్మ “సరే పండుకో” అని కర్ర తనే తీసుకుని వెళ్లింది. తిరిగొచ్చి టీ పెట్టింది, ఆ మాటే ఎత్తలేదు. అలా ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ పొద్దున ఆరింటికి మంచం దగ్గర నిలబడి, “పాలకి పోదాం పా” అని మాత్రం అడుగుతూనే ఉందట. ఆరో రోజు అన్న లేచాడు. లేవకపోయి ఉంటే ఏడో రోజూ అడిగేది. పికార్డ్ రాసిన ‘నింద లేని బాధ్యత’ నాకు బోధపడింది ఆ ఐదు రోజుల్లోనే. కాదనే వీలు ఉంచాలి. కాదన్నాడని అడగడం మానేయకూడదు.

అన్నకి జబ్బు తగ్గలేదు. బరువు నాలుగు కిలోలు తగ్గి, మళ్లీ రెండు పెరిగింది. గొంతులు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. షుగర్ కాస్త అదుపులో ఉంది. నడక వల్ల బాగుపడ్డాడని చెప్పడానికి నా దగ్గర గ్రాఫు లేదు. బ్యాండ్ ఇంకా ఆ బియ్యం డబ్బాలోనే ఉందేమో, నేను అడగలేదు.

పోయిన నెల ఊరికి వెళ్లినప్పుడు పొద్దున్నే ఎవరో నా దుప్పటి లాగారు. అర్ధరాత్రి దాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అప్పుడే నిద్రలోకి జారాను. కళ్లు తెరిస్తే అన్న, చేతిలో కర్ర, భుజానికి పాల సంచి. పెద్దమ్మకి మోకాలు వాచిందట.

“అమ్మ రాదు ఇయాల. నాకొక్కనికి బోర్ కొడ్తది. పోదాం పా తమ్మీ.”

లేవబుద్ధి కాలేదు. చెప్పులు వెతుక్కుని వెళ్లాను.